తెల్లవారుజాము రైడ్లు, చేల పక్కన అడవిపందులు: అసలు ప్రమాదం ఎక్కడుంది?

క్లుప్తంగా

అడవిపంది అడ్డొచ్చి బైక్ పడిపోయిందన్న వార్త చూడగానే ఏ అభయారణ్యంలోనో జరిగిందనుకోవడం మామూలే. కానీ నల్లమల లాంటి పెద్ద అడవుల గుండా వెళ్లే ముఖ్యమైన రోడ్లను రాత్రిపూట మూసేస్తున్నారు. అందుకే చీకట్లో పందీ బైకూ ఎదురుపడే అవకాశం అడవి బయట, పంట చేలను ఆనుకున్న మామూలు హైవేల మీదే ఎక్కువ. పంది కళ్లు హెడ్‌లైట్ వెలుగులో మెరవవు, ఒళ్లు నల్లగా ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో లో బీమ్ మీద వెళ్తున్న రైడర్‌కు అది కనిపించేసరికి బండి ఆపేంత దూరం మిగలదు. బయలుదేరే టైము, చీకట్లో వెళ్లే వేగం, ఈ రెండూ మారితే ముప్పు చాలావరకు తగ్గుతుంది. గేర్, లైట్లు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) అన్నీ వాటి తర్వాతే.

గేటు ఆరింటికి తెరుస్తారు, అందుకే మూడింటికి బయలుదేరతారు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారినే తీసుకుందాం. మొత్తం దూరం 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి, హాజీపూర్ దాటి మన్ననూరు చేరాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది, అక్కడి నుంచి దోమలపెంట దాకా దాదాపు అంతా అడవే. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ ముక్కలోకి బండ్లను వదలరు. అవతల ఆంధ్రా వైపు శ్రీశైలం, దోర్నాల మధ్య ఘాట్‌లో కూడా ఇదే కట్టడి. పులులు, దుప్పులు, ఎలుగుబంట్లు రోడ్డు మీద చావకుండా ఉండాలంటే ఇది అవసరమైన ఏర్పాటు, అందులో సందేహం లేదు.

అయితే ఆ గేటు రైడర్ల టైంటేబుల్‌ను కూడా మార్చేసింది. నగరం నుంచి మన్ననూరుకు సుమారు 130 కిలోమీటర్లు. ఆరింటికి గేటు తెరవగానే మొదటి బండ్లలో ఉండాలి, ఎండ ఎక్కకముందే ఘాట్ దాటాలి, ఊళ్ల ట్రాఫిక్ తప్పించుకోవాలి అనుకుంటే మూడు, మూడున్నరకే ఇంట్లోంచి కదలాలి. డిసెంబరులో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే. అంటే ఆ 130 కిలోమీటర్లూ చీకట్లోనే నడుస్తాయి. సాయంత్రం దర్శనం చేసుకుని తిరిగొచ్చేవాళ్లది ఇంకో రకం తొందర. తొమ్మిదిలోపు దోమలపెంట గేటు దాటాలి, అడవిలోంచి బయటపడేసరికి రాత్రి పది, ఆ అలసటతోనే మళ్లీ అవే చేల మధ్య నుంచి ఇంకో రెండు మూడు గంటలు. గేటు లోపల జంతువులకూ బండ్లకూ మధ్య గోడ కట్టినట్టే అయింది కానీ, ఆ చీకటి ప్రయాణం మాత్రం గేటు ఇవతలికి జరిగింది.

శ్రీశైలం ఒక్కటే కాదు. లంబసింగి పొగమంచు కోసం నర్సీపట్నం నుంచి నాలుగింటికి ఘాట్ ఎక్కేవాళ్లు, పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బుల్లో సూర్యోదయం చూడాలని రాత్రే బయలుదేరేవాళ్లు, కుంటాల జలపాతానికి నిర్మల్ మీదుగా 44వ నంబరు హైవే మీద తెల్లవారకముందే మహబూబ్ ఘాట్ దాటేయాలనుకునేవాళ్లు, అందరిదీ ఇదే లెక్క. లాంగ్ రైడ్ అంటే తెల్లవారుజామునే బయలుదేరాలన్నది ఒక అలవాటుగా స్థిరపడిపోయింది. అడవిపంది మేత ముగించుకుని పొదల్లోకి తిరిగి వెళ్లేది కూడా సరిగ్గా అప్పుడే.

పందులు చేలలోకి ఎందుకు మారాయి

అడవిపందికి బతకడానికి దట్టమైన అడవే అక్కర్లేదు. పగలు దాక్కోవడానికి ఒక పొద, పొర్లడానికి కాస్త బురద, రాత్రి తినడానికి ఏదో ఒకటి ఉంటే చాలు. చెరువు శిఖం నిండా అల్లుకున్న సర్కారు తుమ్మ, కాలువ గట్ల మీద ఎవరూ కొట్టని పొదలు, చెరకు తోటలు, పట్టించుకోని బీడు భూములు, ఇవన్నీ దానికి పగటి ఇళ్లే. పందికి చెమట గ్రంథులు పనిచేయవనే చెప్పాలి. ఒళ్లు చల్లబరచుకోవడానికి బురదే గతి, అందుకే ఎండలో తిరగదు. మనుషుల అలికిడి ఎక్కువున్న చోట ఇంకా పూర్తిగా రాత్రి జంతువుగా మారిపోతుంది.

తిండి సంగతి చూస్తే పల్లి, మొక్కజొన్న, వరి, చెరకు, చిలగడదుంప, ఏదైనా తింటుంది. తినేదానికన్నా పాడుచేసేది ఎక్కువ, ఒక గుంపు పడితే పల్లి చేను నాగలి పెట్టి దున్నినట్టే ఉంటుంది. నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు యాసంగి పల్లి పెద్ద పంట. పైగా ఎత్తిపోతల నీళ్లు వచ్చాక ఒకప్పుడు ఒక్క కారు పంటతో ముగిసే చేలు చాలాచోట్ల ఏడాదిలో ఎక్కువ నెలలు పచ్చగా ఉంటున్నాయి. రైతుకు అది మేలే. పందికీ ఏడాది పొడవునా మేత దొరికినట్టయింది.

దానికితోడు సంతానం. గర్భం సుమారు 115 రోజులు, పల్లెల్లో లెక్కపెట్టినట్టు మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు. అడవిలోనైతే పులి, చిరుత, రేచుకుక్కలు వాటిని తగ్గిస్తాయి, చేల ప్రాంతంలో అవి దాదాపు లేవు. చట్టం ప్రకారం చూసినా అడవిపంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువే, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్‌లో ఉంది. పంట నష్టం పేరుతో చంపాలన్నా అధికారుల అనుమతి ఉండాలి. బిహార్‌లో 2015లో, ఉత్తరాఖండ్‌లో 2016లో కేంద్రం కొన్ని జిల్లాల వరకు, పరిమిత కాలానికి దాన్ని హానికర జంతువుగా ప్రకటించింది. కేరళ అలాగే చేయమని అడిగితే కేంద్రం ఒప్పుకోలేదు, దాంతో 2022లో ఆ రాష్ట్రం స్థానిక సంస్థలకే అనుమతులిచ్చే అధికారం అప్పగించింది. ఈ వాదనలన్నీ పంట చుట్టూ తిరిగేవే. రోడ్డు మీద వెళ్లేవాళ్ల సంగతి వాటిలో ఎక్కడా పెద్దగా రాదు.

రైతులు ఊరుకోరు కదా. రాత్రంతా మంచె మీద కాపలా, డబ్బాల మోత, టపాకాయలు, పులి గాండ్రింపో కుక్కల అరుపులో రికార్డు చేసి వినిపించే మైకులు. ఒక చేలో మోత మొదలైతే గుంపు పక్క చేలోకి పరిగెత్తుతుంది, మధ్యలో రోడ్డు ఉంటే రోడ్డు దాటుతుంది. మేతకు నింపాదిగా వెళ్లే పంది కన్నా ఇలా బెదిరి పరిగెత్తే పంది బైక్‌కు చాలా ప్రమాదం, ఎందుకంటే అది రోడ్డు అంచున ఒక్క క్షణం కూడా ఆగదు.

కళ్లు మెరవని జంతువు

రాత్రిళ్లు బండి నడిపేవాళ్లందరికీ తెలియకుండానే ఒక అలవాటు ఉంటుంది. దూరంగా రెండు మెరిసే చుక్కలు కనిపిస్తే అక్కడేదో జంతువు ఉందని కాలు బ్రేకు మీదికి పోతుంది. ఆవు, గేదె, కుక్క, పిల్లి, దుప్పి వీటన్నిటి కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, ఆ మెరుపు దానిదే. పంది కంటిలో ఆ పొర లేదు. హెడ్‌లైట్ సూటిగా ముఖం మీద పడినా కళ్లు దుప్పి కళ్లలా వెలగవు. నడిచేటప్పుడు తల కిందికి వంచి ఉంచుతుంది కాబట్టి అసలు ముఖమే లైటుకు సరిగ్గా దొరకదు.

రంగు కూడా దానికి కలిసొస్తుంది. మన దేశపు అడవిపంది ముదురు బూడిద, నలుపు కలిసిన వెంట్రుకలతో, వీపు మీద నిటారుగా లేచే జూలుతో ఉంటుంది. బురదలో పొర్లి లేచిందంటే వెలుగు మీద పడినా తిరిగి వచ్చేది చాలా తక్కువ, దాని వెనక ఉన్నది నల్ల తారు. పెద్ద మగది భుజం దగ్గర 90 సెంటీమీటర్ల దాకా ఎత్తు ఉంటుంది, ఆడవి ఇంకా పొట్టి. రోడ్డు పక్క గడ్డి ఆ ఎత్తుకు పెరిగితే మొత్తం జంతువే కనిపించదు.

ఇప్పుడు ఒక మామూలు పరిస్థితి చూద్దాం. డిసెంబరు, ఉదయం ఐదు. డిండికి ఇవతల డివైడర్ లేని రెండు వరసల రోడ్డు, ఎడమవైపు పల్లి చేను, కుడివైపు చెరువు కట్ట. ఎదురుగా లారీ హై బీమ్ మీద వస్తోంది. రైడర్ లో బీమ్‌కు మార్చి కళ్లు చికిలించి రోడ్డు అంచునున్న తెల్లగీతను పట్టుకుని వెళ్తాడు. లారీ దాటిపోయింది, కానీ కంటికి చీకటి మళ్లీ అలవాటు కావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాల్లో ముందు కనిపించే గుర్తు పంది ఆకారం కాదు, తెల్లగీత ఒకచోట తెగినట్టు ఉంటుంది, అంతే. గీత కొత్తగా వేసిన రోడ్ల మీద ఈ తెగిన గీత చాలా నమ్మకమైన సంకేతం: దాని ముందు ఏదో నిలబడి ఉంది. గీతలు అరిగిపోయిన రోడ్డు మీద ఆ సంకేతం కూడా ఉండదు.

లైటు ఎంత దూరం, బ్రేకు ఎంత దూరం

ఈ లెక్క కాగితం మీద వేసి చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు. ముందున్నది ఏమిటో గుర్తించి బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం, నిద్ర చాలని రైడర్‌కు అది ఎక్కువే పడుతుంది. తారు పొడిగా ఉంది, టైర్లు బాగున్నాయి, బ్రేకు గట్టిగా, సరిగ్గా వేశాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి పూర్తిగా ఆగడానికి మొత్తం 35 మీటర్లు కావాలి. 60లో 45 మీటర్లు. 80లో 69 మీటర్లు. 100లో 97 మీటర్లు. రోడ్డు తడిగా ఉన్నా, వెనక మనిషీ సామానూ ఉన్నా ఇవి ఇంకా పెరుగుతాయి.

లో బీమ్‌లో నల్లటి, పొట్టి వస్తువు స్పష్టంగా తెలిసే దూరం చాలా బండ్లకు 40, 50 మీటర్లు దాటదు. అంటే 80 మీద వెళ్లే రైడర్‌కు ఆగడానికి కావలసిన దూరం తన లైటు చూపించే దూరం కన్నా ఎక్కువ. 60కి తగ్గితే లైటూ బ్రేకూ దాదాపు సమానమవుతాయి. అందుకే హై బీమ్ వేసుకునే వీల్లేని చీకటి రోడ్డు మీద 60 దాటకపోవడమనేది ఎవరో పెద్దవాళ్లు చెప్పిన జాగ్రత్త కాదు, లెక్క ప్రకారం వచ్చే హద్దు. పైగా 80 నుంచి 60కి తగ్గితే గుద్దుకునే శక్తి సగానికి దగ్గరగా, 44 శాతం తగ్గుతుంది, వేగం వర్గంతో శక్తి పెరుగుతుంది కాబట్టి.

పంది వైపు నుంచి కూడా చూడాలి. అది చిన్న పరుగు తీసినా ఏడు మీటర్ల రోడ్డును ఒకటిన్నర సెకనులో దాటేస్తుంది, గట్టిగా పరిగెత్తితే గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఆ ఒకటిన్నర సెకనులో 80 మీద ఉన్న బైక్ 33 మీటర్లు పోతుంది. రైడర్ ఇంకా బ్రేకు మీద వేలు పెట్టకముందే రెండూ ఒక్కచోటికి చేరతాయి.

అదనపు ఎల్ఈడీ లైట్లు బిగించుకుంటే కొంత మేలే, ముఖ్యంగా రోడ్డు అంచులు వెడల్పుగా కనిపించేలా పెడితే. కానీ ఎదుటివాళ్ల కళ్లలో పడేలా పైకి తిప్పి పెట్టిన లైట్లు అవతలి బైక్‌వాడిని అదే గుడ్డితనంలోకి నెట్టేస్తాయి. గాలికి ఈల వేస్తూ జంతువులను దూరం చేస్తాయని అమ్మే చిన్న పరికరాల మీద డబ్బు పెట్టడం అనవసరం, అవి పనిచేస్తాయని నమ్మదగ్గ రుజువు లేదు. పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్ కూడా అంతే. పంది వినికిడి, వాసన బాగా పట్టే జంతువే కానీ చూపు తక్కువ. చప్పుడు విని ఎటు పరిగెత్తాలో అది తేల్చుకునే దిక్కు రోడ్డు వైపు కూడా కావచ్చు.

కారుకు దెబ్బ, బైక్‌కు పల్టీ

కారు గుద్దితే బంపర్, రేడియేటర్ పోతాయి, చాలాసార్లు లోపలివాళ్లు క్షేమంగా ఉంటారు. బైక్‌కు ఆ అవకాశం లేదు. ఎదిగిన పంది 70, 80 కిలోల నుంచి వంద పైన కూడా తూగుతుంది, ఆ బరువంతా నేలకు దగ్గరగా, సరిగ్గా ముందు చక్రం ఎత్తులో ఉంటుంది. కణుజో (సాంబరు) మనుబోతో (నీల్‌గాయ్) అయితే కాళ్లు పొడుగు, గుద్దుకుంటే ఒళ్లు రైడర్ మీదికి వస్తుంది, అదీ ఘోరమే. పంది విషయంలో మాత్రం దెబ్బ మొదట చక్రానికి తగులుతుంది. పక్క నుంచి తగిలితే హ్యాండిల్ ఒక్కసారిగా మెలిపడి చేతిలోంచి జారుతుంది, ఎదురుగా తగిలితే చక్రం ఆగిపోయి వెనక భాగం లేస్తుంది, రైడర్ హ్యాండిల్ మీదుగా ముందుకు ఎగిరి పడతాడు. పిల్ల చక్రం కింద పడితే అది కదిలే స్పీడ్ బ్రేకర్ ఎక్కినట్టే.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, బ్రేకు గట్టిగా పట్టుకునే హ్యాండిల్ తిప్పడం. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే, దాన్ని ఆపడానికీ తిప్పడానికీ పంచుకోవాలి. రెండూ ఒకేసారి పూర్తిగా అడిగితే ముందు చక్రం జారుతుంది. బండి నిటారుగా ఉండగా సూటిగా బ్రేకు వేసి వీలైనంత వేగం చంపేయడం మొదటి పని. తప్పించాల్సి వస్తే బ్రేకు వదిలాకే తిప్పాలి. మన దేశంలో 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి, సూటిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా అది చాలా కాపాడుతుంది. అయితే కొన్ని బండ్లలో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది, పైగా వంపులో బండి వాలి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్ మీద అంత భరోసా పెట్టుకోకూడదు. తన బండికి ఏది ఉందో తెలియకుండా వెయ్యి కిలోమీటర్లు వెళ్లేవాళ్లు తక్కువేం కాదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లే, అంటే 44.5 శాతం. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది. పంది తగిలి పడేటప్పుడు రైడర్ ముందుకు, ముఖం మీద పడే అవకాశం ఎక్కువ కాబట్టి గడ్డం కూడా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్టుకూ సగం హెల్మెట్టుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. వెనక కూర్చున్నవాళ్లకు కూడా.

ఒకటి దాటితే అయిపోయినట్టు కాదు

ముదిరిన మగపంది సాధారణంగా ఒంటరిగా తిరుగుతుంది. పాత తెలుగులో అడవిపందికి ఏకలం అనే పేరు కూడా ఉంది. ఆడవి మాత్రం పిల్లలతో, ఏడాది వయసు కూనలతో కలిసి గుంపుగా ఉంటాయి, రోడ్డు దాటేటప్పుడు ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తాయి. దుప్పులూ గుంపే, కానీ అవి రోడ్డు అంచున తల ఎత్తి చూస్తాయి, ఆగుతాయి, కొన్నిసార్లు వెనక్కి తిరుగుతాయి. పంది పిల్లలు తల్లి పోయిన దారినే తల వంచుకుని పోతాయి.

ఈ తేడా వల్ల రైడర్లు చెప్పుకునే ఒక సలహా పందుల దగ్గర తిరగబడుతుంది. జంతువు అడ్డొస్తే దాని వెనక నుంచి పోవాలి, ముందు నుంచి కాదు అంటారు. ఆవు, గేదె, ఒంటరి కుక్క విషయంలో అది సరైనదే. పంది వెనక ఖాళీ అనిపించిన చోటే ఇంకా నాలుగైదు వస్తుంటాయి. కాబట్టి ఒకటి దాటడం చూశాక దారి దొరికిందని వేగం పెంచకుండా, నడక వేగానికి తగ్గించి, వీలైతే పూర్తిగా ఆపి కొన్ని క్షణాలు చూడడమే మంచిది. ఇండికేటర్లు వేసి వెనకున్నవాళ్లకు తెలియజేయాలి. గ్రూప్ రైడ్లలో దెబ్బ తినేది ఎక్కువగా రెండో, మూడో బైకే అయ్యే ప్రమాదం ఉంది. మొదటి బండి చప్పుడుకు గుంపు చెదురుతుంది, వెనకున్న బండి ఆ చెదిరిన గుంపులోకి వెళ్తుంది. చీకట్లో రెండు బైకుల మధ్య కనీసం మూడు సెకన్ల దూరం లేకపోతే ముందువాడి బ్రేక్ లైటు చూసినా చేయగలిగిందేమీ ఉండదు.

నాలుగు వరసల హైవే మీద ఇంకో చిక్కు. డివైడర్ మీద గన్నేరు పొదలు ఏపుగా పెరిగిన చోట పంది మధ్యలో ఆగి అటువైపు నుంచి హఠాత్తుగా బయటపడుతుంది, అదీ వేగంగా వెళ్లే కుడి వరసలోకి. సిమెంటు గోడ ఉన్న చోట పిల్లలు దాటలేక వెనక్కి తిరిగి అదే వరసలో మళ్లీ అడ్డంగా పరిగెడతాయి. రాత్రిళ్లు బైక్ ఎడమ వరస మధ్యలో ఉండడమే నయం, అటు పొదలకూ ఇటు డివైడర్‌కూ కాస్త దూరం దొరుకుతుంది.

పగలే కనిపించే గుర్తులు

పందులు తిరిగే చోట బోర్డు ఉండకపోవచ్చు, గుర్తులు మాత్రం తప్పకుండా ఉంటాయి. చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కట్టి ఉంటే రైడర్‌కు అంతకన్నా స్పష్టమైన హెచ్చరిక బోర్డు దొరకదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీరలు వరసగా గాలికి ఊగుతుంటాయి, రైతు వాటిని పందుల కోసమే కట్టాడు. పల్లి చేను చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేసినా అదే అర్థం కావచ్చు. రోడ్డు పక్క మట్టి గుంటలు గుంటలుగా పెళ్లగించి ఉండటం, కరెంటు స్తంభం అడుగున మోకాలెత్తు దాకా బురద రాసుకుని ఉండటం, రాత్రి కాపలాకు వేసిన మంచె, ఇవి కూడా.

వెళ్లేటప్పుడు పగలు ఈ గుర్తులు చూసి కిలోమీటరు రాయి నంబరు గుర్తుపెట్టుకుంటే, తిరుగు ప్రయాణంలో చీకట్లో ఎక్కడ తగ్గాలో తెలుస్తుంది. అన్నిటికన్నా సులువు, టీ హోటల్లో ఒక్క మాట అడగడం. ఏ మూల మీద ఏ గంటకు దాటుతాయో అక్కడివాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపూ చెప్పదు. టైము మార్చుకోగలిగితే మరీ మంచిది. శ్రీశైలానికి మూడింటికి బదులు ఆరింటికి బయలుదేరితే మన్ననూరులో ఎనిమిదిన్నర అవుతుంది, అప్పుడు గేటు ఎలాగూ తెరిచే ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే అచ్చంపేటలోనో మన్ననూరులోనో ఆగి పడుకున్నా సరే.

వేరేచోట్ల ఏం చేశారు

కర్ణాటకలోని బండీపూర్ పులుల అభయారణ్యంలో 2009 నుంచి రాత్రి 9, ఉదయం 6 మధ్య హైవే మూస్తున్నారు, మన నల్లమల పద్ధతే. నాగ్‌పూర్ దాటి సివనీ వైపు వెళ్లే 44వ నంబరు హైవే మీద ఇంకో పద్ధతి. హైదరాబాద్ నుంచి కశ్మీర్, లదాఖ్ వెళ్లే బైకులు ఎక్కువగా ఈ దారినే పోతాయి, పెంచ్ అడవి దగ్గర రోడ్డు హఠాత్తుగా స్తంభాల మీదికి లేవడం గమనించే ఉంటారు. మహారాష్ట్ర భాగంలో అలాంటి తొమ్మిది నిర్మాణాలు ఉన్నాయి, అన్నిటికన్నా పొడవైనది 750 మీటర్లు. కింద జంతువులు, పైన బండ్లు. భారత వన్యప్రాణి సంస్థ అక్కడ కెమెరాలు పెట్టి చూస్తే 18 జాతుల జంతువులు ఆ దారులు వాడుతున్నట్టు తేలింది, ఎక్కువగా వాడిన వాటిలో చుక్కల దుప్పులతో పాటు అడవిపందులు ఉన్నాయి. దారి చూపిస్తే పంది దాన్ని వాడుకుంటుందనడానికి ఇది మంచి ఆధారం.

శ్రీశైలం రోడ్డుకు కూడా మన్ననూరు తర్వాత ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన ఉంది. అది వస్తే అడవి ముక్కకు మేలు జరుగుతుంది. రాత్రి కట్టడి ఎత్తేస్తే మాత్రం రాత్రి ప్రయాణాలు పెరిగి, కడ్తాల్ నుంచి హాజీపూర్ దాకా చేల పక్కనున్న ముక్క మీద ఒత్తిడి ఇప్పటికన్నా ఎక్కువవుతుంది. ఆ భాగానికి కల్వర్టులు కాస్త వెడల్పు చేయడం, రోడ్డు పక్క పొదలు ఐదారు మీటర్లు కొట్టి ఉంచడం, అంచు గీతలు ఏటా వేయడం లాంటి చవకైన పనులే ఎక్కువ ఫలితమిస్తాయి.

వాటికన్నా ముందు ఎక్కడెక్కడ తగులుతున్నాయో తెలియాలి. స్వీడన్‌లో అడవిపంది బండికి తగిలితే పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే నేరం. అందువల్ల ఏ రోడ్డు మీద ఏ నెలలో ఎక్కువో వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది. మన దగ్గర అలాంటి పడిపోవడం ఆసుపత్రి కాగితం మీద "బైక్ స్కిడ్ అయింది" అన్న ఒక్క మాటతో ముగిసిపోవడం మామూలే.

తగిలిన తర్వాత

గాయపడిన పంది దగ్గరికి అసలు పోకూడదు. లేవలేనట్టు పడి ఉన్నా లేస్తుంది, మగదాని కోరలు తొడను చీల్చేయగలవు. తల్లి పోయి పిల్లలు అక్కడే ఉన్నా, పిల్ల పడిపోయి తల్లి పొదలో ఉన్నా అంతే. మొదట మనిషి రోడ్డు మీంచి పక్కకు రావాలి, ఆ తర్వాతే బైక్. అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీదైతే 1033, పోలీసులకు 112.

పంది ఎటు పోయిందో చూద్దామని చీకట్లో చేలోకి దిగడం ఇంకా పెద్ద ప్రమాదం. పందుల కోసం చట్టవిరుద్ధంగా కరెంటు తీగలు పరిచే చేలున్నాయి, వాటికి తగిలి రైతులే చనిపోతున్నారు. కొన్నిచోట్ల ఎరలో నాటు బాంబులు పెడతారు. రోడ్డు పక్క చేలో టెంటు వేసుకునే టూరింగ్ రైడర్లు ఈ సంగతి ముఖ్యంగా తెలుసుకోవాలి, చేను యజమానిని అడగకుండా గట్టు దిగకూడదు.

చచ్చిపోయిన అడవిపంది చట్టం ప్రకారం ప్రభుత్వ ఆస్తి. మాంసం కోసం జనం పోగవుతారు, అందులో పాలు పంచుకున్నా, బండి మీద ఎవరితో పంపినా కేసు అవుతుంది. అటవీ శాఖకో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో చెప్పేస్తే అక్కడితో సరి. ఆ సమాచారం నమోదైతే బీమాకు కూడా పనికొస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత బండి నష్టానికి పైసా రాదు, ఓన్ డ్యామేజ్ కవర్ ఉంటే జంతువు తగిలి జరిగిన నష్టం ప్రమాదం కిందే వస్తుంది. యజమానే నడుపుతుంటే తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు, అది అమల్లో ఉందో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి. సర్వేయర్ వచ్చేదాకా బండి కడగకుండా ఉంచి, ఫోర్కుకూ మడ్‌గార్డుకూ అంటుకున్న బురదా వెంట్రుకలూ దగ్గర నుంచి, కిలోమీటరు రాయి కనిపించేలా రోడ్డును దూరం నుంచి ఫోటోలు తీసి పెట్టుకోవాలి.